నాయకుణ్ణి తూచే తూనికరాళ్ళు

సాయంత్రం వార్తలు మొదలయ్యే వేళకు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక న్యాయస్థానం వెలుస్తుంది. "ఫలానా నాయకుడు సింహం లాంటివాడు" అంటారొకరు. "కాదు, వట్టి దద్దమ్మ" అంటారింకొకరు. పిల్లలు ఆ తీర్పులు వింటూ పెరుగుతారు. పావుకిలో పప్పు కొంటే త్రాసు ముల్లు సరిగా నిలిచిందో లేదో చూసే మనం, కోట్లమంది బతుకుల్ని చేతుల్లో పెట్టుకున్న మనిషిని మాత్రం కంటిచూపుతోనే తూచేస్తాం. ఇది న్యాయమేనా?

నాయకత్వం ఒక అమానత్. అది అప్పగింత, సొంత ఆస్తి కాదు. అప్పగించినదాన్ని లెక్క చూసుకోవడం అప్పగించినవారి బాధ్యత. ఆ లెక్కకు కొన్ని తూనికరాళ్ళు కావాలి. నాయకత్వం గురించి ఆధునిక కాలంలో పరిశోధకులు అనేక సిద్ధాంతాలు చెప్పారు. మన పూర్వ విద్వాంసులు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఈ విషయంపై గ్రంథాలు రాశారు. ఈ పాఠంలో వాటిలో ఐదింటిని తీసుకుని, ఇటీవలి సంవత్సరాల్లో మనమందరం వార్తల్లో చూసిన ముగ్గురు నాయకులకు అన్వయించి చూద్దాం.

1. మనిషిలోని గుణాలు

చరిత్రను నడిపేది మహాపురుషులేనన్నది మొదటి సిద్ధాంతం. 1840లో లండన్‌లో థామస్ కార్లైల్ ఇచ్చిన ఉపన్యాసాలు దీనికి ప్రసిద్ధి. రెండవ ఉపన్యాసంలో ఆయన దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)ను ఉదాహరణగా ఎంచుకున్నారు. అందుకే మన వక్తలు కార్లైల్ పేరును తరచూ తలుస్తుంటారు.

నాయకుడిలో ఉండవలసిన గుణాల జాబితా మనకు కొత్తది కాదు. 1058లో మరణించిన అల్ మావర్దీ తన 'అల్ అహ్కామ్ అస్సుల్తానియ్యా'లో ఖలీఫాకు ఏడు షరతులు రాశారు. న్యాయబుద్ధి, విద్య, జ్ఞానేంద్రియాల ఆరోగ్యం, అవయవాల ఆరోగ్యం, పాలనా వివేకం, ధైర్యం, ఖురైష్ వంశం అనేవి ఆ ఏడు. మొదటి స్థానం న్యాయబుద్ధికి దక్కింది. వాక్చాతుర్యం గానీ ముఖవర్చస్సు గానీ జాబితాలోనే లేవన్నది గమనించండి.

అయితే గుణాలొక్కటే సరిపోతాయా? 1948లో రాల్ఫ్ స్టాగ్‌డిల్ అనే అమెరికన్ పరిశోధకుడు అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నిటినీ పరిశీలించారు. కొన్ని గుణాలున్నంత మాత్రాన ఎవరూ అన్నిచోట్లా నాయకుడు కాలేరనీ, సందర్భాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలనీ తేల్చారు. హజ్రత్ ఉమర్ (రజి) చేసిన ఒక పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వరుస విజయాలు సాధించిన ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను ఆయన సైన్యాధిపత్యం నుంచి తప్పించారు. విజయం అల్లాహ్ ఇచ్చేదేగాని ఒక వ్యక్తి వల్ల వచ్చేది కాదని ప్రజలు తెలుసుకోవాలన్నది ఆయన ఉద్దేశమని చరిత్రకారులు రాశారు. ఖాలిద్ (రజి) అలగలేదు. అబూ ఉబైదా (రజి) నాయకత్వం కింద సేవ కొనసాగించారు. వ్యక్తిపూజకు ఇంతకన్నా గట్టి విరుగుడు చరిత్రలో అరుదు.

2. నడిపే తీరు

1939లో కర్ట్ లెవిన్, ఆయన సహచరులు అమెరికాలో పదేళ్ళ వయసు బాలుర జట్లపై ఒక ప్రయోగం చేశారు. ఒక తీరు నాయకుడు అంతా తానే నిర్ణయించి ఆజ్ఞాపిస్తాడు. రెండో తీరు నాయకుడు అందరితో చర్చించి నడిపిస్తాడు. మూడోవాడు ఎవరి ఇష్టానికి వారిని వదిలేస్తాడు. నాయకుడు గది వదిలి వెళ్ళగానే ఆజ్ఞల జట్టులో పని కుంటుపడింది. చర్చల జట్టులో పని సాగుతూనే ఉంది.

ఈ రాయితో శ్రీలంక మాజీ అధ్యక్షుడు గోటబయ రాజపక్సను తూచి చూద్దాం. 2009లో అంతర్యుద్ధం ముగిసినప్పుడు ఆయన రక్షణశాఖ కార్యదర్శి. గట్టి మనిషి అన్న పేరుతోనే 2019 నవంబరులో అధ్యక్షుడయ్యారు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించారు. రైతులను సిద్ధం చేయలేదు, శాస్త్రవేత్తల హెచ్చరికలు చెవికెక్కలేదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది. అదే ఏడాది నవంబరుకల్లా నిషేధాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

అంతకు ముందు 2020లో కోవిడ్‌తో మరణించిన వారందరినీ దహనం చేయాలని ఆయన ప్రభుత్వం ఆదేశించింది. ఖననం కూడా చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా వినలేదు. ముస్లిం కుటుంబాలు తమవారి జనాజా నమాజుకు, ఖననానికి నోచుకోలేదు. 20 రోజుల పసికందును సైతం దహనం చేశారు. 2021 ఫిబ్రవరిలో ఆ ఆదేశాన్ని ఎత్తివేశారు. 2024 జూలైలో శ్రీలంక ప్రభుత్వం దీనికి క్షమాపణ చెప్పింది. ఈలోగా విదేశీ మారక ద్రవ్యం అడుగంటి, ఇంధనం కోసం జనం రోజుల తరబడి బారులు తీరారు. 2022 జూలైలో ప్రజలు అధ్యక్ష భవనంలోకి చొచ్చుకువెళ్ళగా, ఆయన దేశం విడిచి వెళ్ళి రాజీనామా పంపారు. పన్నుల తగ్గింపు, అప్పులు, కోవిడ్ వంటి కారణాలు చాలా ఉన్నాయి. ఎరువుల నిర్ణయం ఒక్కటే దేశాన్ని కూల్చలేదు. కానీ సలహా వినని తీరు ప్రతి కష్టాన్నీ రెండింతలు చేసింది. యుద్ధకాలంలో పట్టుదలగా కనిపించిన గుణమే పొలం గట్టున మొండితనమయింది.

సంప్రదింపు అంటే షూరా. ఉహుద్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (సఅసం) మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలని భావించారు. యువకులు ఎక్కువమంది బయటికి వెళ్దామన్నారు. ఆయన వారి మాటకు విలువిచ్చారు. విలుకాండ్రు తమ స్థానం వదిలిన కారణంగా ఆ రోజు 70 మంది సహచరులు అమరులయ్యారు. "ఇక వీరిని అడగనవసరం లేదు" అనుకోవడానికి ఇంతకన్నా సాకు కావాలా? కానీ ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్‌లో వచ్చిన ఆదేశం దీనికి పూర్తిగా భిన్నం. వారిని క్షమించమనీ, వ్యవహారాల్లో వారిని సంప్రదిస్తూనే ఉండమనీ దాని భావం. ఫలితం చేదుగా వచ్చిందని సంప్రదింపును మానుకోవడానికి ఇక్కడ అనుమతి లేదు.

3. సందర్భాన్ని గుర్తించడం

ఒకే తీరు అన్ని వేళలా పనికిరాదనీ, అనుచరుల స్థితిని బట్టి నాయకుడు మారాలనీ 1969లో పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ సిద్ధాంతీకరించారు. హిజ్రీ 18లో సిరియా ప్రాంతంలో ప్లేగు వ్యాపించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట ఆగారు. ముందు ముహాజిర్లను, తర్వాత అన్సార్లను, చివరకు ఖురైష్ పెద్దలను అడిగారు. ఆపైన జాప్యం చేయకుండా వెనక్కి మరలాలని నిర్ణయించారు. సంప్రదించడానికి ఒక సమయం, నిర్ణయించడానికి ఒక సమయం ఉంటాయి. రెంటినీ గుర్తెరగడమే సందర్భజ్ఞానం.

ఇప్పుడు న్యూజిలాండ్ మాజీ ప్రధాని జసిండా ఆర్డెర్న్‌ను చూద్దాం. 2019 మార్చి 15 శుక్రవారం నాడు క్రైస్ట్‌చర్చ్‌లోని రెండు మస్జిదులలో ఒక దుండగుడు కాల్పులు జరిపి 51 మంది ప్రాణాలు తీశాడు. మరుసటి రోజే ఆమె తలపై వస్త్రం కప్పుకుని బాధిత కుటుంబాల వద్దకు వెళ్ళారు. హంతకుడి పేరు తన నోట పలకనన్నారు. పార్లమెంటులో అస్సలాము అలైకుమ్ అంటూ ప్రసంగం మొదలుపెట్టారు. ఏప్రిల్ 10న తుపాకుల చట్ట సవరణ 119 ఓట్లతో నెగ్గింది, వ్యతిరేకంగా పడింది ఒక్కటే ఓటు. ఓదార్పు, చట్టం రెండూ నెల లోపే వచ్చాయి.

అయితే లెక్క అక్కడితో ఆపితే తూకం పూర్తి కాదు. 2020లో కోవిడ్ వేళ ఆమె విధించిన కఠిన కట్టడిని ప్రజలు మెచ్చి, అక్టోబరు ఎన్నికల్లో పూర్తి మెజారిటీ ఇచ్చారు. 2022కి పరిస్థితి మారింది. టీకా నిబంధనలపై అలజడి రేగి, నిరసనకారులు మూడు వారాలకు పైగా పార్లమెంటు ఆవరణలో తిష్ఠ వేశారు. అందరికీ ఒకే భయం ఉన్నప్పుడు జనాన్ని కలిపిన తీరు, జనం రెండుగా చీలినప్పుడు అంతగా పనిచేయలేదు. 2023 జనవరిలో ఆమె, ఈ బాధ్యతకు తగిన శక్తి ఇక తనలో లేదని చెప్పి తప్పుకున్నారు. ఆ సంవత్సరం ఎన్నికల్లో ఆమె పార్టీ ఓడింది. పదవి దిగవలసిన సమయాన్ని ఎవరూ తరమకముందే గుర్తించడం కూడా సందర్భజ్ఞానంలో భాగమే.

4. బేరమా, మార్పా?

1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ నాయకత్వాన్ని రెండుగా విడదీశారు. "నాకు మద్దతివ్వండి, మీకు ఇది ఇస్తాను" అనేది బేరం. నాయకుడూ అనుచరులూ ఒకరినొకరు ఉన్నత విలువల వైపు లేపుకోవడం మార్పు.

బంగ్లాదేశ్ మాజీ ప్రధాని షేక్ హసీనా 2009 నుంచి 2024 వరకు వరుసగా పాలించారు. 2017లో మయన్మార్ నుంచి తరిమివేయబడిన 7 లక్షలకు పైగా రోహింగ్యాలకు ఆమె ప్రభుత్వం సరిహద్దు తెరిచింది. 2022లో పద్మా నదిపై 6 కిలోమీటర్లకు పైబడిన వంతెన ప్రారంభమయింది. ఇవి చిన్న పనులు కావు. కానీ క్రమంగా ఇదొక బేరంగా మారిందని మా అభిప్రాయం: అభివృద్ధి తీసుకోండి, ప్రశ్నలు మానుకోండి. 2014, 2024 ఎన్నికలను ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది.

2024లో స్వాతంత్ర్య సమరయోధుల వారసులకు ఉద్యోగాల్లో 30 శాతం కోటా తిరిగి వచ్చినప్పుడు విద్యార్థులు వీధికెక్కారు. సమరయోధుల మనవలకు కాక రజాకార్ల మనవలకు ఇవ్వాలా అనే అర్థంలో ఆమె మాట్లాడారు. ఈ పదం తెలంగాణ పాఠకులకు 1948 నాటి సందర్భంలో తెలుసు. బంగ్లాదేశ్‌లో అది 1971లో పాకిస్తాన్ సైన్యానికి తోడ్పడిన వారి పేరు. ఉద్యోగం అడిగిన పిల్లలకు ద్రోహి అన్న ముద్రలా అది వినిపించింది. జూలై 21న సుప్రీంకోర్టు ఆ కోటాను 5 శాతానికి తగ్గించినా అప్పటికే వీధుల్లో రక్తం పారింది. జూలై 1 నుంచి ఆగస్టు 15 వరకు 1,400 మంది వరకు మరణించి ఉండవచ్చని 2025 ఫిబ్రవరిలో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం నివేదించింది. ఆగస్టు 5న ఆమె రాజీనామా చేసి భారతదేశం చేరుకున్నారు.

2017లో శరణార్థులకు ద్వారం తెరిచిన నాయకురాలూ, 2024లో సొంత దేశపు పిల్లలకు చెవి మూసుకున్న నాయకురాలూ ఒకరే. కనుక సిద్ధాంతం పేరును మనిషి నుదుట అతికించకూడదు. ఒక్కొక్క పనిని విడిగా తూచాలి.

5. సేవకుడా?

1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ సేవక నాయకత్వం అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. ఆయన పెట్టిన పరీక్ష సులభం: ఈ నాయకుడి సేవ పొందినవారు వ్యక్తులుగా ఎదిగారా, లేక అతనిపై ఆధారపడేవారిగానే మిగిలారా? జాతి నాయకుడు జాతికి సేవకుడన్న మాటను మన సభల్లో హదీసుగా చెబుతుంటారు. దాని సనద్ బలహీనమని ముహద్దిసులు తెలిపారు కనుక హదీసుగా చెప్పడంలో జాగ్రత్త అవసరం. భావానికి మాత్రం హజ్రత్ అబూబక్ర్ (రజి) తొలి ప్రసంగమే చాలినంత బలం. తాను అందరికన్నా శ్రేష్ఠుణ్ణి కాననీ, మంచి చేస్తే సహకరించమనీ, దారి తప్పితే సరిదిద్దమనీ ఆయన ప్రజలను కోరారు. సరిదిద్దే హక్కును ప్రజల చేతికిచ్చి పాలన మొదలుపెట్టారు.

రాయి ఒక్కటే ఉండాలి

ఇక అసలు పరీక్ష మనకే. పైన తూచిన ముగ్గురిలో ఒకరు ముస్లిం, ఇద్దరు కారు. మనవారి తప్పుకు తేలిక రాయి, పరాయివారి తప్పుకు బరువు రాయి వాడామా? తాము పుచ్చుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించే వారిని ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. ఆ హెచ్చరిక కిరాణా కొట్టుకే పరిమితం కాదు. ఒక జాతిపై ఉన్న కోపం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదని మాయిదా సూరా 8వ ఆయత్ బోధిస్తోంది. మన పార్టీ, మన కులం, మన మస్లక్ అనే అభిమానం కూడా అంతే ప్రమాదకరం.

ఢాకా, కొలంబో దూరమే కావచ్చు. మస్జిద్ కమిటీ దూరం కాదు. ఏళ్ళ తరబడి ఒకే వ్యక్తి చేతిలో లెక్కలుండి, అడిగినవాణ్ణి "ఫిత్నా చేస్తున్నాడు" అని కూర్చోబెట్టే కమిటీలు మన ఊళ్ళలో లేవా? పెద్దాయన ఊళ్ళో లేకపోతే మదర్సా జీతాలు ఆగిపోయే చోట లెవిన్ ప్రయోగంలోని మొదటి జట్టు కళ్ళముందే ఉన్నట్టు. ఇంట్లోనూ అంతే. తండ్రి చెప్పులు గుమ్మం దాటగానే నమాజ్ మానేసే పిల్లవాడు నేర్చుకున్నది నమాజ్ కాదు, భయం.

ఇంట్లో చర్చించుకోవడానికి

ఈ నెల కుటుంబమంతా కూర్చున్నప్పుడు వార్తల్లోని ఒక నాయకుణ్ణి, మీ ఊరి ఒక కమిటీని తీసుకుని ఈ ప్రశ్నలు వేసుకోండి. పిల్లల్ని ముందు మాట్లాడనివ్వండి.

1. ఈ నాయకుడి ఏ పనిని మనం తూస్తున్నాం? పనినా, మనిషినా?
2. ఆ నిర్ణయానికి ముందు ఎవరిని సంప్రదించారు? నష్టపోయే వారిని అడిగారా?
3. నాయకుడు లేని రోజు పని సాగుతుందా?
4. తప్పు చూపినవారికి ఏమి జరిగింది?
5. ఇదే పని మనకు నచ్చని నాయకుడు చేసి ఉంటే మన తీర్పు ఇదే అయ్యేదా?

ఐదవ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడం అందరికీ కష్టమే. ఇంటి పెద్దలు ముందు తామే చెప్పి పిల్లలకు దారి చూపాలి. అల్లాహ్ మనకు సరితూకం వేసే చేతిని ప్రసాదించుగాక! ఆమీన్.