గీజరు బిగింపు – వేడినీటికి విడువవలసిన దారి

మా కోటబొమ్మాళి ప్రాంతమున పుష్యమాసపు ఉదయములలో చన్నీటి స్నానము అందరి వల్లనూ కాదు. పూర్వము పెరటి పొయ్యిపై కాగు పెట్టి నీళ్లు కాచుకొనెడివారు. కలిగినవారి ఇండ్లలో నడుమ బొగ్గుల గొట్టము గల రాగి బాయిలరు ఉండెడిది. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో దానిని హమాము అందురు. నేడు ఆ స్థానమును విద్యుత్ గీజరు ఆక్రమించినది. ఈ మార్పులో మనము అంతగా గమనింపని విషయమొకటి కలదు. కాగుకు ఉన్నది మూత మాత్రమే. గీజరు అన్నివైపులా మూసిన తొట్టి.

వేడిచే ద్రవములు వ్యాకోచించునని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారమే మనమందరమును. ఆ పాఠమును స్నానాల గదిలో లెక్క కట్టి చూతము. 25 లీటర్ల నీటిని 25 నుండి 65 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచినచో అది ఇంచుమించు 400 మిల్లీలీటర్లు పెరుగును. 2000 వాట్ల గీజరునకు ఇది సుమారు 35 నిమిషముల పని. పెరిగిన నీరు ఎక్కడికి పోవలెను? మేడమీది ట్యాంకు గొట్టము తెరచియున్నచో వెనుకకు పోవును. కాని వేడినీరు వెనుకకు మళ్లకుండుటకును, ట్యాంకు ఎండినపుడు తొట్టి ఖాళీ కాకుండుటకును చన్నీటి దారిలో ఏకముఖ వాల్వు బిగింతురు. అది అవసరమే. అయితే దానితో వెనుకదారి మూతపడినది. నీరు నొక్కుడుకు లొంగునది కాదు గనుక పీడనము త్వరగా పెరుగును. అందుచేతనే రక్షక వాల్వు కూడ ఉండవలెను. పెక్కు గీజర్లకు ఈ రెండు పనులును చేయు ఒకే వాల్వు పెట్టెలోనే వచ్చును.

మా ఊరిలో ఒక ఇంట ఆ వాల్వు నుండి నీరు బొట్లుబొట్లుగా కారి గోడ చెమ్మగిల్లుచున్నదని పనివాడు దాని నోటికి బిరడా బిగించిపోయినాడు. ఇంటివారు సంతోషించిరి. మాకు మాత్రము గుండె ఝల్లుమన్నది. థర్మోస్టాటు పనిచేసినంత కాలము ఎట్లో గడచిపోవచ్చును. అది అతుక్కుపోయిన నాడో? మూసిన తొట్టిలో నీరు 100 డిగ్రీల వద్ద మరగదు. లోపలి పీడనము వాతావరణ పీడనముకంటె 8 బార్లు ఎక్కువైనచో మరుగుస్థానము సుమారు 175 డిగ్రీలకు చేరును. అప్పుడు తొట్టి పగిలినచో అందలి నీటిలో కొంత క్షణములో ఆవిరియగును. ఆవిరికి నీటికంటె సుమారు 1600 రెట్లు చోటు కావలెను.

కాగునపుడు నాలుగు బొట్లు కారుట దోషము కాదు, వాల్వు బ్రతికియున్నదనుటకు గుర్తు. ఆ నోటికి చిన్న గొట్టము తగిలించి, దాని కొన మూయక, నేలవైపు వాలుగా వదలిన చాలును. ఆ ఇంట అట్లే చేయించితిమి. గీజరు చల్లగా ఉన్నపుడును ఎడతెగక కారినచో మాత్రము వాల్వునో, మోటారు పీడనమునో పరీక్షింపవలెను.

చన్నీరు నీలిగుర్తు వైపు, వేడినీరు ఎఱ్ఱగుర్తు వైపు. ఇవి తారుమారైనచో నీరు సరిగా వేడిగా రాదు. రక్షక వాల్వునకును తొట్టికిని నడుమ ఏ కుళాయియు ఉండరాదు. వేడినీటి దారికి సామాన్య పీవీసీ గొట్టము మెత్తబడును; సీపీవీసీ వాడవలెను. ముందుగా వేడినీటి కుళాయి తెరచి, లోని గాలి పోయి నీరు ధారగా వచ్చిన పిమ్మటనే స్విచ్చి వేయవలెను. 2000 వాట్లనగా 9 ఆంపియర్లకు చేరువ గనుక 16 ఆంపియర్ల సాకెట్టు, సరియైన ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

గీజరు అను పేరు ఐస్‌లాండు దేశపు వేడినీటి ఊట నుండి వచ్చినది. 1868లో లండనులో బెంజమిన్ మాన్ అనునతడు తన గ్యాసు యంత్రమునకు ఆ పేరు పెట్టెను. దానికి పొగ పోవు గొట్టమే లేదు! ఇప్పటికిని కిటికీ లేని స్నానాల గదులలో గ్యాసు గీజరు బిగించువారు కలరు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ఆ గీజరు గది వెలుపల, గాలి ఆడుచోట ఉండవలసినది.