పాసుపుస్తకం లేనివాళ్ల పేర్లు కూడా రాసుకో

బుజ్జీ,

సోలార్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందని, ఊళ్లవాళ్లతో మాట్లాడే పని నీదేనని మీ అమ్మ ఫోన్ చేసింది. మీ అత్త అప్పటికప్పుడు పాయసం చేసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం లేక కాదు తల్లీ. ఆ పని పదేళ్లు చేసినవాణ్ణి కనుక.

నేను పనిచేసిన గాలిమరల కంపెనీ పేరు ఇప్పుడెందుకు? తప్పు నాది. భూమి పాసుపుస్తకం ఉన్న ప్రతి గడపా ఎక్కాను. రచ్చబండ దగ్గర నిలబడి "ఇంటికో ఉద్యోగం" అన్నాను. ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు. చివరికి ఊరికి దక్కినవి నాలుగు వాచ్‌మన్ పనులు. కొండ మీదికి వేసిన రోడ్డుకు గేటు పెట్టాం. గొర్రెలు మేతకు పోయే దారీ అదే. కాపరి ముసలాయన ఒకరు వచ్చి, "నన్ను ఒక్క మాటైనా అడగలేదే సామీ" అన్నాడు. ఆయన పేరు నా కాగితాల్లో ఎక్కడా లేదు. ఆ ఊరి మీదుగా బస్సు పోతే ఇప్పటికీ తల వంచుకుని కూర్చుంటాను.

ఉద్యోగంలో చేరేలోపు ఒకసారి పావగడ చూసిరా. కర్ణాటకలో తుమకూరు జిల్లాయే కానీ, ఆ తాలూకాకు దాదాపు అన్ని వైపులా మన ఆంధ్రే. నీ తెలుగుతో పని జరిగిపోతుంది. అక్కడ ఐదు ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఆ భూముల్ని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరువులతో అలసిపోయిన రైతుకు భూమి తన పేరునే ఉండి, వాన పడినా పడకపోయినా డబ్బు రావడం చిన్న సంగతి కాదు. అయితే మొదటి పెంపు ఎంతో లెక్క వెయ్యి. 1,050 రూపాయలు, అదీ రెండేళ్లకు. ధరలు అంతకన్నా వేగంగా పెరిగితే ఇరవై ఏళ్ల తర్వాత ఆ కౌలు దేనికి చాలుతుంది? సంతకానికి ముందే ఆ లెక్క రైతుకు చూపించాల్సింది నువ్వే.

ఇంకో సంగతి. కౌలు డబ్బు భూమి ఉన్నవాడికే వస్తుంది. ఆ చేలల్లో కలుపు తీసి, వేరుశనగ పీకి బతికిన ఆడకూలీలకు రాదు. పలకలు తుడవడానికి, గడ్డి కోయడానికి పెట్టుకునేది కొందరినే. భూమి లేనివాళ్లకు అంతకుముందున్న పనీ పోతుంది.

అందుకే చెబుతున్నా, విను. వాళ్లుండే కాలనీకి పగలు పోవద్దు, కూలికి పోయినవాళ్లు ఇంటికి చేరాక పో. ఒప్పందం తెలుగులో రాయించి, గట్టిగా చదివి వినిపించు. నకలు వాళ్ల చేతిలో పెట్టు. కాగితంలో లేని మాట నోటితో ఇవ్వకు. కంపెనీల చట్టం 2013 ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికే ముందు ప్రాధాన్యం ఇవ్వాలి. అది దయాదానం కాదు. బడి గోడకు రంగు పూసి ఫోటో దిగి వచ్చేయకు. ఏం కావాలో ఊరినే అడుగు. బోరో, మేతబీడో, ఆడపిల్లలకు పని నేర్పే చోటో వాళ్లే చెబుతారు.

నీ పైవాళ్లు తొందరపెడతారు. భయపడకు. నేను తొందరపడ్డాను కనుకే ఇంతలా పోరుతున్నాను. నువ్వు నాకన్నా తెలివైనదానివి, మనసున్నదానివి.

మొదటి ఊళ్లో, నీ పుస్తకం మొదటి పేజీలో, సెంటు భూమి లేని మనిషి పేరు రాసుకో. ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి. ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను.

నీ మామ