మోరి గ్యాస్ అంటే ఏమిటి?

లాలాగూడలో మేము కట్టించ తలపెట్టిన మరుగుదొడ్ల ఎస్టిమేటును దాతల ముందు పెట్టినప్పుడు ఒక పెద్దాయన 'వెంట్ పైపు' అన్న పద్దు మీద వేలు పెట్టారు. "ఇది నీళ్ళ పైపు కాదు, మురుగు పైపూ కాదు. మరి దేనికి?" అన్నారు. "సీవర్ గ్యాస్ పోవడానికి" అన్నాం. "ఆ గ్యాస్ ఏమిటి?" అని మళ్ళీ అడిగారు. ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాం. న్యాయంగా చెప్పవలసింది ఇంకా ఉంది.

మన బస్తీల్లో దీన్ని మోరి గ్యాస్ అంటారు. పత్రికలు విషవాయువు అని రాస్తాయి. ఇంజినీర్లకు అది సీవర్ గ్యాస్. పుస్తకాల తెలుగులో మురుగు వాయువు అనవచ్చు. పేరు విని ఒకే వాయువు అనుకుంటాం, కానీ ఇది కలగలుపు. మలమూత్రాలు, వంటింటి నీళ్ళు గాలి తగలకుండా కుళ్ళినప్పుడు సూక్ష్మజీవులు వదిలే మీథేన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, కొంత అమ్మోనియా ఇందులో ఉంటాయి. ఏది ఎంత అన్నది ట్యాంకును బట్టి, ఎండను బట్టి మారుతుంది.

మీథేన్‌కు వాసన లేదు. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా కలిసిందంటే ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. మూత తీసి అగ్గిపుల్ల గీసి చూసే పాత అలవాటు అందుకే ప్రమాదం. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దీనిదే. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక్క పాలు కూడా లేకముందే ముక్కు పసిగడుతుంది. కానీ 100 పాళ్ళ దగ్గరకు వచ్చేసరికి ముక్కు మొద్దుబారి, వాసన తెలియడమే మానేస్తుంది. "వాసన పోయింది, ఇక దిగొచ్చు" అనిపించేది సరిగ్గా అప్పుడే. 500 దాటితే మనిషి నిమిషాల్లో కూలిపోతాడు. 1000 దగ్గర రెండు మూడు ఊపిరులు చాలు. పైగా లోపల ఆక్సిజన్ కూడా తక్కువ. బయటి గాలిలో దాదాపు 21 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గిన చోట దిగకూడదు.

2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీ దగ్గర ఒక మ్యాన్‌హోల్‌లో నలుగురు చనిపోయారు. వారిలో ఒకరు ఆ పనివాడు కాదు, దిగినవారిని కాపాడబోయిన దారినపోయే డ్రైవర్. ఇలాంటి వార్తల్లో రెండో మనిషి, మూడో మనిషి తరచూ ఇలాగే పోతారు. లోపల పడినవాడిని చూసి ఆగలేక దిగుతారు.

మాట వల్ల కూడా మోసపోతాం. సెప్టిక్ ట్యాంకును మన ఇళ్ళల్లో 'సేఫ్టీ ట్యాంకు' అనడం వింటూనే ఉంటాం. సెప్టిక్ అంటే కుళ్ళేది అని అర్థం, సేఫ్టీకి దానితో ఏ సంబంధమూ లేదు. మేము కూడా ఒక పాత రసీదులో సేఫ్టీ ట్యాంకు అనే రాశాం, ఈ వ్యాసం కోసం వెతుకుతుంటే బయటపడింది.

ఇదే కుళ్ళును అదుపులో పెట్టి గ్యాస్ పట్టుకుంటే దాని పేరు బయోగ్యాస్. మన పక్కనే తార్నాకలో ఉన్న ఐఐసీటీ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతితో బోయిన్‌పల్లి మార్కెట్‌లో మిగిలిపోయిన కూరగాయల నుంచి కరెంటు తీస్తున్నారు. అక్కడ గ్యాస్‌ను మూసిన పాత్రలో పట్టి, శుద్ధి చేసి వాడతారు. మోరిలో దానికి దారీ లేదు, కాపలా లేదు.

మన ఫిఖహ్ గ్రంథాలు తహారత్ అధ్యాయంతోనే మొదలవుతాయి. వుజూఖానా శుభ్రంగా ఉందా అని మనం చూస్తాం, ఆ నీళ్ళు వెళ్ళే ట్యాంకును ఎవరు శుభ్రం చేస్తున్నారో చూడం. ప్రాణ రక్షణ షరీఅత్ ముఖ్య ఉద్దేశాల్లో ఒకటని ఆలిములు చెబుతారు. చట్టం కూడా స్పష్టంగానే ఉంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటిసారి తప్పుకే రెండేళ్ళ వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. మేస్త్రీని పిలిచి "ఎవరినైనా పంపించు" అన్న ఇంటి యజమానికీ, మసీదు కమిటీకీ, మా సొసైటీకీ ఈ చట్టం వర్తిస్తుంది.

ఇక వెంట్ పైపు. ట్యాంకులో పుట్టిన గ్యాస్‌ను ఇది కప్పు కన్నా పైకి తీసుకెళ్ళి గాలిలో కలుపుతుంది. పైపుల్లో ఒత్తిడి సమంగా ఉంచుతుంది కూడా. అది లేకపోతే పెద్దగా నీళ్ళు పోసినప్పుడల్లా నహానీ ట్రాప్‌లో నిలిచి ఉండాల్సిన నీటిని లాగేస్తుంది. ఆ నిలవ నీరే గ్యాస్‌కు అడ్డు. సెలవుల్లో నెల రోజులు మూసి ఉంచిన బాత్రూం తెరవగానే కంపు కొట్టేది ట్రాప్ ఎండిపోవడం వల్లే. ఒక బకెట్ నీళ్ళు పోస్తే ఆగుతుంది. ఫినాయిల్ పోస్తే కంపు తెలియదు కానీ గ్యాస్ వస్తూనే ఉంటుంది.

అయితే వెంట్ పైపు ఉంది కదా అని ట్యాంకులోకి దిగడానికి వీల్లేదు. అది ఇంట్లోకి గ్యాస్ రాకుండా చూస్తుంది, అంతే. ట్యాంకు నిండితే సక్షన్ ట్యాంకర్ వచ్చి పైనుంచే లాగాలి. ఆ పెద్దాయన అడిగిన తర్వాత ఎస్టిమేటులో వెంట్ పైపు కింద ఆ ట్యాంకర్ ఖర్చును కూడా ఒక పద్దుగా చేర్చాం.