ఒక పట్టణము, రెండు దేవాలయములు
పఠనభాగము: రోమా 14:1–12

ఈ నెల మనము స్విట్జర్లాండు దేశములోని కూర్ అను పట్టణమునకు మనస్సుతో ప్రయాణము చేయుదము. అది ఆల్ప్సు పర్వతముల నడుమ, రైను నదిలోయలో నున్నది. క్రీ. శ. 451 నాటికే అక్కడ బిషపు ఉండెను.

పట్టణమునకు పైగా, మెట్టమీద బిషపుగారి మహాదేవాలయము కనబడును. దానిని కట్టుటకు ఇంచుమించు 120 ఏండ్లు పట్టెను; 1272లో ప్రతిష్ఠ జరిగెను. దిగువ వీథులలో పరిశుద్ధ మార్టిను దేవాలయము గలదు. అందులో 1523 మొదలుకొని యోహాన్నెస్ కొమాండర్ బోధింపగా పట్టణస్థులు సంస్కరణమును అంగీకరించిరి. మెట్టమీదివారు రోమను కతోలికులుగానే నిలిచిరి.

రైనునదికి ఎగువనున్న ఇలాంజులో 1526లో ఆ ప్రాంతపు ప్రతినిధులు కూడి, ప్రతి సంఘము తన కాపరిని తానే ఏర్పరచుకొనవచ్చునని తీర్మానించిరి. తీర్మానము మంచిదే. అయినను కాగితముమీది సమాధానము హృదయములలోనికి దిగలేదు. 1618 మొదలు 1639 వరకు మతద్వేషమును, అధికారకాంక్షయు, పొరుగు రాజ్యముల పోరును కలిసి ఆ లోయలలో రక్తము చిందించెను.

నేడు ఆ రెండు దేవాలయములును నిలిచియున్నవి. రెంటిలోను ఆరాధన జరుగుచున్నది.

అన్నియు తినువాడును, కూరగాయలే తినువాడును ఒక్క ప్రభువునకే లెక్క చెప్పవలెనని పౌలు బోధించుచున్నాడు. ఆయన సేవకునికి తీర్పు తీర్చుటకు మనమెవరము? మన పల్లెలోను రెండు మందిరములున్నయెడల, అవతలి మందిరపువారి ఇంట మరణము సంభవించినప్పుడు మనము వెళ్లి వారితోకూడ కూర్చుండుచున్నామా? ఈ ప్రశ్నకు నోటితో గాక పాదములతో జవాబు చెప్పుదము.