గడ్డికోత వెంట వచ్చు జ్వరం

భద్రాచలం అడవి అంచున గడ్డి కోయు సభ్యులు, ముఖ్యముగా పసిబిడ్డల తల్లులు, స్క్రబ్ టైఫస్ జ్వరమును గూర్చి తెలుసుకొనవలెను. పొదలలోని నల్లి జాతి పురుగు పిల్ల కుట్టుట వలన ఇది వచ్చును. సుమారు 10 రోజులకు చలిజ్వరం, తలనొప్పి కలుగును.

మలేరియా పరీక్షలో ఏమీ తేలకున్నను జ్వరం తగ్గనిచో చంకలు, గజ్జలు, నడుము చూచుకొనుడు. చుట్టతో కాల్చినట్లు నల్లని పెచ్చు ఉండవచ్చును. అది నొప్పి పెట్టదు, అందరికీ కనబడదు.

‘గడ్డికి వెళ్ళితిని’ అని డాక్టరుకు ముందే చెప్పుడు. గర్భిణియైనను, పాలిచ్చు తల్లియైనను ఆ సంగతియు చెప్పవలెను. డాక్సీసైక్లిన్ లేక అజిత్రోమైసిన్ సకాలమున వాడిన గుణము కనిపించును. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు దెబ్బతినవచ్చును.

బిడ్డను గడ్డిపై పరుండబెట్టరాదు. ఒక పూట పాలు పోయకున్నను ఫరవాలేదు. తల్లి తన జ్వరమును వాయిదా వేయరాదు.