గౌతమీ తీరమున యానాము

మన బొమ్మిడికిని గోదావరికిని నడుమ దూరము చాల గలదు. సేర్వరాయన్ కొండల చేరువలో, జోలార్‌పేటనుండి సేలము పోవు రైలుదారి ప్రక్కన పెరుగుచున్న మన పిల్లలకు గోదావరి యనగా వాచకములోని యొక పేరు మాత్రమే. తెలుగు చదువుకొను బిడ్డ ఒక్కసారియైనను ఆ నదిని కన్నులార చూడవలెనని మా కోరిక. చూడబోవుటకు ముందు, ఏమి చూడవలెనో తల్లిదండ్రులు ఇంటిలో పిల్లలకు చెప్పగలిగినచో ఆ ప్రయాణము విద్య యగును. లేనిచో వట్టి విహారముగా ముగియును. అందుకొరకే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

గోదావరి యొడ్డున పేరుగన్న యూళ్ళు పెక్కు కలవు. భద్రాచలము, రాజమహేంద్రవరము, కోటిపల్లి మొదలగు వానిని విడిచి చిన్నదైన యానామును ఏల ఎంచుకొంటిమని మీరడుగవచ్చును. యానాములోని జనులు తెలుగువారు; కాని వారి యూరు ఏ తెలుగు రాష్ట్రములోను లేదు. రెండు వందల యేండ్లకు పైగా అది ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. నేడు తమిళ సీమలోని పుదుచ్చేరి దాని రాజధాని. ఎల్లలకు ఈవల నుండియు తెలుగును కాపాడుకొన్నవారి కథ మనకు తప్పక పనికివచ్చును.

ఊరి యునికి

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి గౌతమియనియు వశిష్ఠయనియు రెండు పెద్ద పాయలుగా చీలును. తూర్పు పాయయైన గౌతమికి ఉత్తరపు టొడ్డున, దానినుండి కోరింగ పాయ విడివడు చోట యానామున్నది. సముద్రము అచ్చటికి చేరువ. ఉత్తరమున కాకినాడ సుమారు ముప్పది కిలోమీటర్ల దూరము. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలను విభజించిన తరువాత యానామునకు ఒక ప్రక్క కాకినాడ జిల్లా, నదికావల కోనసీమ జిల్లా ఉన్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము అచ్చటి జనసంఖ్య 55,626.

బొమ్మిడి నుండి పోవువారు జోలార్‌పేట మీదుగా చెన్నపట్టణము చేరి, సామర్లకోటకు గాని కాకినాడకు గాని పోవు బండి నెక్కవలెను. దారిలో విజయవాడయొద్ద కృష్ణను, రాజమహేంద్రవరము యొద్ద గోదావరిని దాటుదురు. ఆ రెండు వంతెనలపై బండి పోవునప్పుడు పిల్లలను మేలుకొలిపి చూపుడు. గోదావరిపై 1900లో వాడుకకు వచ్చిన పాత రైలు వంతెన 1997లో పని మానినను నేటికిని నదిలో నిలిచియున్నది. కాకినాడనుండి యానామునకు బస్సుమీద పోవచ్చును. ఎండలు ముదురక మునుపు, అనగా మార్గశిర పుష్య మాసములలో, పోవుట మేలు.

ఫ్రెంచివారి రాక

ఫ్రెంచివారిని మన పెద్దలు పరాసులని పిలిచెడివారు. వారు 1723లో యానామున కోఠీ పెట్టిరి. వ్యాపారము సాగకపోవుటచే 1727లో దానిని విడిచిపోయి, 1731లో మరల వచ్చి స్థిరపడిరి. వారిని ఇచ్చటికి లాగినది మన నేతగాండ్ర చేతిపని. గోదావరి ముఖద్వారములలో నేసిన బట్టలకు ఐరోపాలో గిరాకీ యుండెను. ఆ బట్టలకొరకే ఆంగ్లేయులు దాపుననే ఇంజరములోను, డచ్చివారు కాకినాడకు చేరిన జగన్నాథపురములోను కోఠీలు నెలకొల్పిరి. కొలది క్రోసుల మేరలో మూడు జాతుల వర్తకులు మగ్గముల చుట్టు కాచుకొని యుండిరన్న మాట.

1758 డిసెంబరులో పిఠాపురము చేరువ చందుర్తియొద్ద జరిగిన యుద్ధమున ఫ్రెంచివారు ఓడిరి. మరు సంవత్సరము మచిలీపట్టణమును కూడ కోల్పోయిరి. దానితో ఉత్తర సర్కారులపై వారి ఆశ అడుగంటెను. తరువాతి యుద్ధములలో యానాము పలుమార్లు ఆంగ్లేయుల చేజిక్కి, 1814, 1815 సంవత్సరముల ఒడంబడికల పిమ్మట మరల ఫ్రెంచివారికి దక్కెను. చుట్టును ఆంగ్లేయ రాజ్యము, నడుమ ఈ చిన్న ఫ్రెంచి భూమి. 1839 నవంబరులో వచ్చిన పెనుతుపాను కోరింగ రేవును ధ్వంసము చేసి యానామును కూడ ముంచివేసెను. నది తెచ్చిన యొండ్రు మట్టి క్రమముగా పూడి, ఓడలు వచ్చు దారి మూసికొనిపోయెను.

ఎల్ల చేసిన వింతలు

ఒక గీతకు ఈవల ఒక చట్టము, ఆవల వేరొక చట్టము ఉన్నచో ఏమగునో యానాము మనకు నేర్పును. ఆంగ్లేయ భారతములో శారదా చట్టము 1930 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చెను. పదునాలుగేండ్లు నిండని బాలికకును పదునెనిమిదేండ్లు నిండని బాలునకును పెండ్లి చేయుట నేరమయ్యెను. ఫ్రెంచి యానామున కా చట్టము వర్తింపదు. అందుచే చుట్టుప్రక్కల జిల్లాలవారు పసిబిడ్డలను వెంటబెట్టుకొని యానాము చేరి పెండ్లిండ్లు జరిపించిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు కూడ వచ్చెను. పేరు వినుటకు మంగళకరముగా నున్నను, దాని వెనుక బాలికల దురదృష్టమున్నదని పెద్దపిల్లలకు చెప్పవలసియున్నది. మంచి చట్టము చేసినంత మాత్రమున చాలదు. దానిని తప్పించుకొన జూచువారికి గీత దాటుట ఎంత సులభమో ఈ కథవలన తెలియును.

చూడదగినవి

ఫ్రెంచివారి కాలపు టట్టడములలో ముఖ్యమైనది 1846లో కట్టిన పునీత అన్నమ్మ దేవాలయము. ఊరిలో వేంకటేశ్వరస్వామి కోవెల కలదు. స్వామిని మీసాల వేంకన్న యందురు. పెద్ద మసీదు మరియొకటి. ఇట్లు మూడు మతముల వారి ప్రార్థనా మందిరములు ఆ చిన్న యూరిలోనే ఉన్నవి. పాలనాధికారి నివాసము, పాత వీధుల తీరు గమనింపదగినవి. ఈ కాలమున ఫ్రెంచి జ్ఞాపకముగా ఈఫిల్ గోపురమును తలపించునట్టి యొక ఎత్తైన స్తంభమును కూడ నిర్మించిరి.

వీనికంటెను నదీతీరమే మాకు ప్రధానము. సాయంకాలము గట్టుపై కూర్చున్నచో ఆవలి యొడ్డు సన్నని పచ్చని గీతవలె కానవచ్చును. ఎదురులంకకు పోవుటకు పూర్వము పడవలే దిక్కు. 2002లో వారధి వాడుకకు వచ్చిన పిమ్మట కోనసీమకు దారి సుగమమయ్యెను. కోరింగ వైపున మడ అడవులు కలవు. ఉప్పునీటిలో వ్రేళ్ళూని నిలుచు ఆ చెట్లు అలల తాకిడిని కొంతవరకు ఆపును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి ఆ తీరమును పాడుచేసిన తుపానును అచ్చటి పెద్దలు నేటికిని మరువలేదు.

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బాల్యమున యానామునందు చదువుకొనిరన్న సంగతిని తెలుగు పిల్లలు తప్పక తెలిసికొనవలెను. తిరుపతి వేంకటకవులలో నొకరైన ఆ మహాకవికి ఫ్రెంచి యేలుబడిలోని యూరే విద్యాభూమి యయ్యెను.

విడుదల

1947లో దేశము స్వతంత్రమైనను యానామున ఫ్రెంచి పతాకము దిగలేదు. ఆ యూరిలోని ఫరంపేటలో పుట్టిన దడాల రఫేలు రమణయ్య గారి నాయకత్వమున 1954 జూన్ 13న విమోచనోద్యమ కారులు యానామును స్వాధీనపరచుకొనిరి. ఆ యేడు అక్టోబరు 18న కీళూరులో పుదుచ్చేరి, కారైకాలు ప్రతినిధులు 178 మంది కూడి వోటు చేయగా, 170 మంది భారతదేశములో విలీనమగుటకు సమ్మతించిరి. నవంబరు 1న పాలన భారత ప్రభుత్వమునకు దక్కెను. 1956 మే 28న చేసికొన్న ఒడంబడిక 1962 ఆగస్టు 16న గాని చట్టరీత్యా అమలునకు రాలేదు.

భాష నిలిచిన విధము

ఇక మన పాఠములోని ముఖ్యాంశమునకు వత్తము. 1956 ఒడంబడికలో, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించువరకు ఫ్రెంచియే అధికారభాషగా నుండవలెనని వ్రాసికొనిరి. 1965లో పుదుచ్చేరి అధికారభాషా చట్టము వచ్చెను. తమిళమును అధికారభాషగా చేయుచునే, మాహేలో మలయాళమును, యానాములో తెలుగును వాడుకొనుటకు ఆ చట్టము వీలు కల్పించెను. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్నను, యానాము పౌరుడు తన యూరిలో తన భాషయందు అర్జీ వ్రాసికొనగలడు. అచ్చటి వాహనములపై పుదుచ్చేరి సంఖ్య, వ్యాజ్యములకు మద్రాసు హైకోర్టు, ఉత్తరములకు ఆంధ్ర దేశపు తపాలా సంఖ్య. ఇన్ని చిక్కులలోను ఇంటి మాట మాత్రము ఒక్కటే.

అయితే చట్టమొక్కటే భాషను నిలిపినదనుట సరికాదు. యానాము చుట్టును తెలుగు నేల యున్నది. ఆ నేలను విడిచిపోయిన వారి సంగతి వేరు. 1828 ప్రాంతమున ఫ్రెంచివారు యానామునుండి కొందరు కూలీలను రీయూనియన్ దీవికి తీసికొనిపోయిరి. తరువాతను ఆ తీరమునుండి పెక్కురు అచ్చటికి పోయిరి. వారి సంతతివారు నేడు ఫ్రెంచిని, క్రియోలును మాటాడుదురు. తెలుగు వారి ఇండ్లలో నిలువలేదు. దాపుననున్న మారిషస్ దీవికి కోరింగ తీరమునుండి పోయిన తెలుగువారి ఇండ్లలోను క్రియోలు చేరినది. కాని వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి; పాఠశాలలలో తెలుగును బోధనాంశముగా సాధించుకొనిరి. ఇంటిలో సన్నగిల్లిన దానిని బడిలో పట్టి నిలుపుకొన్నారు. ఒకే తీరమునుండి ఓడలెక్కిన వారిలో ఒకరికి అక్షరము మిగిలెను, వేరొకరికి మిగులలేదు.

మన స్థితి ఈ రెంటిలో దేనికి దగ్గర? మనకు చుట్టును తెలుగు నేల లేదు. యానామునకు వలె ప్రత్యేకపు చట్టమును లేదు. మనకున్నది రాజ్యాంగములోని 30వ అధికరణము. భాషాల్పసంఖ్యాకులు తమ విద్యాలయములను తామే నెలకొల్పుకొను హక్కును అది ఇచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. హక్కు కాగితముపై నుండును. దానిని వాడుకొను బిడ్డ బడిలో కూర్చుండినగాని అది జీవింపదు. తమిళనాడు 2006లో చేసిన చట్టము తమిళమును పిల్లలందరు నేర్వవలసిన భాషగా చేసినది. తమిళము మనకు పొరుగు భాష, అన్నము పెట్టు నేల భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అది నేర్చుటవలన తెలుగు పోదు. ఇంటిలో తెలుగు మాటాడుచునే, వ్రాయుట చదువుట మనకేల యని తల్లిదండ్రులు తలంచిననాడు తెలుగు పోవును. మాటాడ నేర్చి చదువ నేర్వని తరము తరువాత, మాటయు నేర్వని తరము వచ్చును.

ఇంటిలో చేయదగిన అభ్యాసము

1. భారతదేశ పటముపై బొమ్మిడిని, పుదుచ్చేరిని, యానామును పిల్లలచే గుర్తింపజేయుడు. యానాము నుండి దాని రాజధానికి పోవుటకు ఎన్ని పెద్ద నదులు దాటవలెనో వ్రాయింపుడు.

2. ఫ్రెంచి దస్తావేజులలో తెలుగు పేర్లలోని ఉకారమును రెండు అక్షరములతో వ్రాసెడివారు. మీ ఇంటివారి పేర్లను తెలుగులోను, తమిళములోను, ఆంగ్లములోను వ్రాయించి, ఏ లిపిలో ఏ ధ్వని మారుచున్నదో పోల్చి చూడుడు.

3. మీ తాతముత్తాతలు ఏ యూరినుండి, ఏ పనిమీద ఈ సీమకు వచ్చిరో ఇంటి పెద్దల నడిగి, పది వాక్యములలో తెలుగున వ్రాయింపుడు. ఆ కాగితమును భద్రపరపుడు.

ఈ మూడవ అభ్యాసమును మేము మిక్కిలి ముఖ్యముగా నెంచుచున్నాము. యానాము వెళ్ళుటకు ధనము, తీరిక కావలెను. ఇంటి పెద్దలయొద్ద కూర్చుండుటకు అవి యక్కరలేదు. ఆ పది వాక్యములను బిడ్డ తన చేతితో తెలుగున వ్రాయగలిగినచో, ఈ బడిని నిలుపుకొనుటకై మనమందరము పడుచున్న శ్రమకు తగిన ఫలము దక్కినట్లే.