నోటి గాయానికి తోలు ఇచ్చిన పొర

చేతికి దెబ్బ తగిలితే కట్టు కడతాం. మరి నోటిలో ఆపరేషన్ జరిగితే? అక్కడ కట్టు నిలవదు. ఉమ్మి తడుపుతుంది, నాలుక కదులుతుంది, అన్నం తగులుతుంది. గుట్కా, ఖైనీ వల్ల బుగ్గలో వచ్చిన తెల్లమచ్చను డాక్టర్లు కోసి తీస్తే పచ్చిపుండు మిగులుతుంది. అలాగే వదిలేస్తే మంట, నొప్పి. మానేటప్పుడు బుగ్గ ముడుచుకుపోయి నోరు సరిగా తెరుచుకోకపోవచ్చు. వేరేచోట నుంచి చర్మం తీసి అతికిస్తే శరీరానికి రెండో గాయం.

అందుకే కొల్లాజెన్ పొరను వాడుతున్నారు. మన చర్మానికి, ఎముకలకు, చిగుళ్లకు గట్టిదనం ఇచ్చే ప్రోటీనే కొల్లాజెన్. ఇది మూడు పోగులు పేనిన తాడులా ఉంటుందని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తెలిపారు.

పశువుల చర్మం వంటి వాటి నుంచి కొల్లాజెన్ తీసి, శుద్ధి చేసి, పలుచని పొరగా ఆరబెడతారు. డాక్టరు దానిని సెలైన్‌లో తడిపి పుండుపై పరిచి కుట్లు వేస్తారు. దానివల్ల ఉపయోగాలు:

1. రక్తం త్వరగా గడ్డకడుతుంది.
2. పుండు కప్పబడి నొప్పి తగ్గుతుంది.
3. పందిరిపై బీరతీగ పాకినట్లు కొత్త కణాలు దానిపై పాకుతాయి.

కొన్ని వారాలలో పొర దానంతట అదే కరిగిపోతుంది. అయితే చీము పట్టిన గాయానికి ఇది పనికిరాదు. చాలా లోతైన గాయానికి చాలదు.

మాలో కొందరి తాతలు లందలో తంగేడు చెక్కతో తోళ్లు ఊనినవారే. పచ్చితోలులో ఉన్నదీ కొల్లాజెనే. తంగేడు చెక్కలోని టానిన్లు దానిని బిగించడం వల్లనే చెప్పు కుళ్లదు. వైద్యానికి వాడే పొర మరీ త్వరగా కరగకుండా కొన్నిసార్లు రసాయనాలతో కొద్దిగా బిగిస్తారు. సూత్రం ఒక్కటే.

మన బిట్రగుంట మీదుగా వెళ్లే రైలు చేరే చెన్నైలో 1948లో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. నాటి గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో జన్మించిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ దానికి డైరెక్టరుగా పనిచేశారు. తోలును శోధించిన ఆ సంస్థే గాయాలపై వేసే కొల్లాజెన్ పొరలనూ రూపొందించింది.

మిత్రులారా! ఊరు అంటరానిదన్న తోలే నేడు మనిషి నోటి గాయాన్ని కప్పుతోంది. లందలో మన పెద్దలు చేసినది రసాయన శాస్త్రమే. దానిని చదవడానికి మనం జంకనవసరం లేదు. ఇంకొక్క మాట. పొర ఉంది కదా అని గుట్కా జోలికి పోవద్దు. పొర పుండును కప్పగలదు గాని అలవాటును మాన్పలేదు.